పోసిన కుప్పలో పుట్టిన పొరలు

గత ఆదివారం రెండు గాజు పలకలను అర సెంటీమీటరు ఎడంతో నిలబెట్టి, అడుగునూ పక్కలనూ టేపుతో మూసి, పంచదారనూ సన్నని ఇసుకనూ సమపాళ్లలో కలిపి, ఒక మూల నుంచి కాగితపు గరాటుతో నెమ్మదిగా పోశాను. బాగా కలిపిన మిశ్రమమే లోపలికి వెళ్లింది. కుప్పలో మాత్రం తెలుపు, గోధుమ రంగు చారలు ఒకదానిపై ఒకటి ఏటవాలుగా పేరుకున్నాయి. హెర్నాన్ మాక్సే, ష్లోమో హావ్లిన్, పీటర్ కింగ్, యూజీన్ స్టాన్లీ 1997లో ‘నేచర్’ పత్రికలో వివరించిన ప్రయోగం ఇదే. వారు వాడినవి సన్నని గాజు పూసలు, వాటికన్నా పెద్దవైన చక్కెర పలుకులు. గుండ్రని పూసల కుప్ప 26 డిగ్రీల వాలున నిలబడితే, అంచులు తేలిన పలుకుల కుప్ప 39 డిగ్రీల వాలున నిలబడుతుంది.

చేతి నుంచి ధార ఆగకుండా పడుతూనే ఉన్నా, కుప్ప మాత్రం విడతలు విడతలుగా జారుతుంది. పొరల రహస్యమంతా ఆ విడతల్లోనే ఉందని నాకు అనిపించింది. చాటలో బియ్యం కదుపుతుంటే నూకలు గింజల సందుల్లోంచి అడుగుకు దిగినట్టే, జారుతున్న ప్రవాహంలో ఇసుక కిందికి చేరి, పంచదార దాని మీద దొర్లుతుంది. ఆ ప్రవాహం అవతలి గోడను తాకి నిలిచిపోగానే అక్కడ ఒక చిన్న మెట్టు ఏర్పడుతుంది. పైనుంచి వచ్చే గింజలు ఆ మెట్టుకు తగిలి ఆగిపోతాయి. అడుగున ఇసుక, దాని మీద పంచదార, ఏ వరుసలో వచ్చినవి ఆ వరుసలోనే నిలిచిపోతాయి. గింజ ప్రతి ఒక్కటీ కిందికే దొర్లుతుండగా ఆ మెట్టు మాత్రం వాలు వెంట పైపైకి ఎక్కుతూ పోవడం గాజుకు ముఖం ఆనించి ఎంతసేపు చూశానో నాకే తెలియదు. మెట్టు శిఖరానికి చేరేసరికి ఒక జత పొరలు పూర్తవుతాయి, మళ్లీ కొత్త జారుడు మొదలవుతుంది.

గింజల పరిమాణాల్లో తేడా ఒక్కటే దీనికి చాలదు. పెద్ద గింజే ఎక్కువ గరుకుగా కూడా ఉండాలి. అది సరిచూసుకోవడానికి పంచదార తీసేసి, అదే ఇసుకలో నున్నని ఆవాలు కలిపి పోశాను. ఆవాలు దొర్లుకుంటూ దిగువకు చేరాయి, ఇసుక పోసిన మూలనే గుట్టగా ఉండిపోయింది, మధ్యలో ఒక్క చార కూడా పడలేదు.