గుంటూరు కోసం కిస్ట్నాలో వెతికాను

మా పేట అసోసియేషన్ వాళ్ళు ఉగాదికి సంచిక వేస్తున్నారు. "మీరు హిస్టరీ మేడం కదా, డొక్కల కరువు మీద నాలుగు పేజీలు రాసివ్వండి" అన్నారు. ఇరవై ఏళ్ళుగా గుంటూరులో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతున్నదాన్ని, నాలుగు పేజీలెంతలే అని ఒప్పేసుకున్నాను.

తీరా కూర్చుంటే నాకు తెలిసింది అర పేజీ. 1832-33లో వచ్చింది, అది నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అని కూడా అంటారు, ఇంగ్లీషు పుస్తకాల్లో గుంటూరు ఫామిన్. పళ్ళెంలో అన్నం వదిలేస్తే మా నాయనమ్మ ఆ కరువు పేరెత్తేది. అంతే.

సంక్రాంతి సెలవుల్లో లాప్‌టాప్ ముందేసుకున్నాను. పేరున్న ఒక జర్నల్స్ డేటాబేస్ తెరిచి, సెర్చ్ బాక్స్‌లో ఇంగ్లీషులో "గుంటూరు కరువుకు కారణాలు, ప్రభావం ఏమిటి" అని పూర్తి వాక్యం కొట్టాను. అచ్చం పరీక్ష పేపర్లో ప్రశ్నలాగా. సున్నా. ఉత్త "ఫామిన్" అని కొడితే లక్షల్లో వచ్చాయి. ఐర్లండ్, బెంగాల్, చైనా, ఇథియోపియా. మొదటి మూడు పేజీల్లో గుంటూరు ఊసే లేదు. మూడు సాయంత్రాలు ఇలాగే గడిచాయి. తెరిచిన ట్యాబులు నలభై దాటాయి, చదివింది ఒక్కటీ లేదు. "అమ్మా, అన్నీ తెరిస్తే చదివినట్టు కాదే" అని మావాడు అరిసె నములుతూ ఒక రాయి వేసి పోయాడు.

బ్రాడీపేటలో మా వెనక వీధిలో ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ ఉంటారు. చుట్టరికం లేదు గానీ చిన్నప్పటి నుంచీ బాబాయిగారనే పిలుస్తాను. నాలుగో రోజు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"ఏం కావాలో తర్వాత చెబుదువుగాని అమ్మాయ్, ఏం కొట్టావో అది చూపించు ముందు" అన్నారు.

చూపించాను. నవ్వారు.

"గూగుల్‌కి నువ్వు తప్పు రాసినా అది సర్దుకుంటుంది. ఇవి మా పాత హెడ్ క్లర్కు లాంటివి. ఫైలు మీద ఏ పేరుందో ఆ పేరుతో అడిగితేనే తీసిస్తాయి. సరే, 1880లో గుంటూరు ఏ జిల్లాలో ఉంది?"

క్లాసులో ఏదో ఆలోచిస్తూ కూర్చున్న పిల్లను లేపి అడిగినట్టయింది. కొంచెం ఆగి గుర్తు తెచ్చుకున్నాను. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్ళీ విడిగా గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంటే మధ్యలో నలభై అయిదేళ్ళ పాటు మన ఊరి సంగతులన్నీ, ఆ పాత కరువు గురించి రాసుకున్నవి కూడా, కృష్ణా జిల్లా కాగితాల్లో ఉంటాయి.

"మరి ఆ రోజుల్లో ఇంగ్లీషు వాళ్ళు కృష్ణ అని ఎలా రాసేవాళ్ళు?"

కె-ఐ-ఎస్-టి-ఎన్-ఎ. కిస్ట్నా. నా దగ్గరున్న పాత పటంలోనూ అలాగే ఉంది, రోజూ చూస్తున్నదే. సెర్చ్ బాక్స్‌లో మాత్రం నాకు తట్టలేదు.

బాబాయిగారు ఒక పొడుగు నోటు పుస్తకం తీసి, పేజీని నిలువుగా మూడు గళ్ళు చేశారు. ఎక్కడ, ఏమిటి, ఎప్పుడు. "ఎక్కడ" కింద ఇద్దరం కలిసి నింపాం. గుంటూరును మామూలుగా ఒకటి, చివర రెండు ఓలతో ఇంకొకటి. కిస్ట్నా. మసూలిపటం, అంటే మన మచిలీపట్నం. బెజవాడను జెడ్ తర్వాత ఎ పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి. విజయవాడ అనే పేరు వేస్తే 1830ల సంగతులు ఎక్కడొస్తాయి? "ఏమిటి" కింద కరువు, క్షామం, ధరలు, శిస్తు బకాయిలు, వలసలు, వీటన్నిటికీ ఇంగ్లీషు మాటలు. కేటలాగుల్లో విషయ శీర్షిక ఫామిన్ కాదు, బహువచనంలో ఫామిన్స్ అని ఉంటుందట. అక్కడ ఒక్క "ఎస్" తేడాతో జాబితా మారిపోతుంది. అందుకని మాట మొదటి భాగం కొట్టి చివర చుక్క గుర్తు, అదే స్టార్, పెడితే రెండూ వస్తాయని చెప్పారు. అన్ని సైట్లలోనూ అది పని చెయ్యదు. హెల్ప్ పేజీ ఒకసారి చదవాల్సిందే. నేనైతే జన్మలో హెల్ప్ పేజీ తెరిచిన పాపాన పోలేదు.

ఆ తర్వాత కలపడం. ఒక గడిలోని మాటల మధ్య "ఆర్" (ఏదో ఒకటి ఉంటే చాలు అని) పెట్టి బ్రాకెట్లో బంధించాలి, గడికీ గడికీ మధ్య "యాండ్" (అన్నీ ఉండాలి అని) పెట్టాలి. ఈ రెండు మాటలూ పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి, చిన్నవైతే కొన్ని సైట్లు పట్టించుకోవు. అదే డేటాబేస్‌లో ఇలా కొడితే రెండు వందల చిల్లర వచ్చాయి. సున్నా కాదు, లక్షలూ కాదు. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం మా ఆయనకు చెబితే అర్థం కాలేదు.

అయితే ఆ రెండు వందల్లో సగానికి పైగా 1876-78 నాటి ధాత కరువు గురించే. మద్రాసు ప్రెసిడెన్సీ కరువు అనగానే అందరూ దాని మీదే రాశారు. నేను తెలివి చూపించి "నాట్ 1876" అని చేర్చాను. జాబితా ఇట్టే చిక్కిపోయింది. సంబరపడ్డాను గానీ, ముందు రోజు చూసి పెట్టుకున్న మంచి వ్యాసం ఒకటి కనపడకుండా పోయింది. ఎందుకంటే అందులో రెండు కరువులనూ పోల్చారు. 1876 అన్న అంకె ఎక్కడ ఉన్నా ఆ వ్యాసాన్ని తీసేసింది. అప్పటి నుంచి "నాట్" జోలికి పోలేదు. దాని బదులు గుంటూరు, కరువు అనే రెండు మాటలూ పది మాటల దూరంలో ఉండాలని అడిగాను. జేస్టోర్ అనే జర్నల్స్ డేటాబేస్‌లో ఆ సదుపాయం ఉంది. ముప్పై మిగిలాయి, అందులో పనికొచ్చేవి ఏడు.

మనుషుల పేర్లతో వెతకడం ఇంకో చిత్రం. 1883లో కిస్ట్నా జిల్లా మాన్యువల్, అంటే జిల్లా వివరాల పుస్తకం, రాసినాయన గోర్డన్ మెకంజీ. నేను ఉత్త మెకంజీ అని కొడితే కైఫీయత్తులు, అంటే ఊళ్ళ పాత చరిత్రలు, సేకరించిన కోలిన్ మెకంజీ దిగాడు. ఆయన 1821లోనే పోయాడు, ఈ కరువు చూసే అవకాశమే లేదు. సరే, కరువు తర్వాత గుంటూరు పరిస్థితి మీద 1840ల్లో రిపోర్టు ఇచ్చిన వాల్టర్ ఎలియట్‌ను పిలుద్దామనుకుంటే, బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలన్నీ వరస కట్టాయి. ఆ స్తూపాన్ని తవ్వించిన వాళ్ళలో ఆయనా ఒకడు మరి. కోలిన్ మెకంజీ కూడా అక్కడికి వెళ్ళినవాడే. కరువు అడిగితే రాళ్ళు వచ్చాయి. ఎలియట్ పేరు చివర ఒకటే "టి", రెండు పెట్టిన కేటలాగులూ ఉన్నాయి, రెండు రకాలుగానూ వెతకాలి.

నాకు అన్నిటికంటే మంచి సరుకు దొరికింది కరువు అన్న మాటతో కాదు, "ఆనికట్" అన్న మాటతో. మన ఆనకట్టకు చుట్టమే అది, ఆనాటి ఇంజనీర్లు డ్యామ్ అనకుండా అలాగే రాశారు. బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. నీళ్ళ పని మీద డబ్బు అడిగేవాడు ముందు కరువు సంగతి ఎత్తక మానడు కదా. ఆ కాగితాల్లో వెతికితే 1833 ప్రస్తావన దొరికింది. ఇది బాబాయిగారు కాదు, నేనే కనిపెట్టాను. అందుకే గొప్పగా చెప్పుకుంటున్నాను.

తెలుగు పుస్తకాల దగ్గర మాత్రం ఒళ్ళు హూనమైంది. స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాలు వేలల్లో ఉన్నాయి గానీ, పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించినవి. చరిత్ర, చరిత్రము, చరిత్రమ్. "చ"కి ఒకరు సి-హెచ్, ఇంకొకరు ఉత్త సి. మాటలో అందరూ ఒకేలా రాసే ముక్క ఏదో పట్టుకుని దానితోనే వెతకడం నేర్చుకున్నాను. అలాంటి స్కాన్ పుస్తకాలు దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో ఇంకో సంగతి ఉంది. మామూలుగా వెతికితే పుస్తకాల వివరాల్లోనే చూస్తుంది, లోపలి పేజీల్లో చూడాలంటే ఆ ఆప్షన్ విడిగా ఎంచుకోవాలి. ఇది తెలియక రెండు రోజులు "లేదు, లేదు" అనుకున్నాను. కష్టపడి దొరికించుకున్న ఒక పుస్తకంలో, సరిగ్గా నాకు కావాల్సిన పేజీ మీద, స్కాన్ చేసినాయన బొటనవేలు పడింది. గోరు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద రెండు పంక్తులు ఇప్పటికీ నాకు తెలియవు.

ఒక వ్యాసానికి ప్రచురణకర్తల సైటు ముప్పై డాలర్ల పైన అడిగింది. కార్డు తీశాను కూడా. బాబాయిగారికి ఫోన్ చేస్తే "ఆగు ఆగు" అన్నారు. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఆ వ్యాసం కింద "అన్ని వెర్షన్లు" అని ఉంటుంది, నొక్కితే రచయితే తన యూనివర్సిటీ సైటులో పెట్టుకున్న ప్రతి ఊరికే దొరికింది. దాని పక్కనే ఉండే "సైటెడ్ బై" నొక్కితే తర్వాత ఎవరెవరు దాన్ని వాడుకున్నారో తెలుస్తుంది.

శోధ్‌గంగ అనే సైటులో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు చాప్టర్ల వారీగా విడి ఫైళ్ళుగా ఉంటాయి. నేను నేరుగా చివరి ఫైళ్ళు తెరుస్తాను. ఆధారాల పట్టిక చాలావరకు అక్కడే ఉంటుంది. ఎవరో అయిదేళ్ళు తిరిగి పోగేసిన జాబితా అది. దాన్ని పట్టుకునే వెనక్కి నడిచాను. అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారన్న లెక్క ఆరు చోట్ల కనబడింది, ఫుట్‌నోట్ల వెంట వెళ్తే ఆరుగురూ ఒకరి నుంచి ఒకరు ఎత్తుకున్నదే. ఆరు సాక్ష్యాలనుకున్నది ఒక్కటైంది. ఆ అంకె రాశాను గానీ, "అంటారు" అని చేర్చాను.

నాలుగు పేజీలు అడిగితే పదకొండు అయ్యాయి. ఉగాదికి సంచిక వచ్చింది. నా వ్యాసం పేజీన్నర, ఎదుటి పేజీలో ప్రెసిడెంటుగారి అభినందన ఫోటో. కిస్ట్నా అన్న చోటల్లా "అచ్చుతప్పు" అనుకుని ఎవరో కృష్ణ అని దిద్దారు.