చీలమండ కొలత పదిన్నర

ఇరవై రెండేళ్లుగా తిరుపతి కొర్లగుంటలో ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మనిషి గుమ్మంలోకి వస్తుండగానే చేతి కొలత ఎంతుంటుందో కంటితోనే చెప్పేస్తాను. అలాంటి నాకు నా ఒళ్లు మారిపోతున్న సంగతి మూడు వారాల దాకా తెలియలేదు.

నిరుడు మే నెల, గంగమ్మ జాతర ముందు రోజులు. వీధిలో అందరికీ జాతరలోపే జాకెట్లు కావాలి. పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్లు బరువు. రోజంతా కూర్చుని మిషను తొక్కే పని, కాళ్లు వాయకుండా ఉంటాయా అనుకున్నాను. ఒకరోజు వేలికి మెట్టె బిగుసుకుపోయింది, సబ్బు నీళ్లు పోసినా కదల్లేదు. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడింది. అది పూడేదాకా లెక్కపెట్టాను, ముప్పై దాటింది. మెడలో ఉన్న టేపు తీసి చుట్టూ పెట్టి చూస్తే పదిన్నర అంగుళాలు. నాకూ మా పాపకూ చుడీదారు మోరీ, అంటే కాలి అంచు కొలత, ఒకటే, ఎప్పుడూ నా కాలికే పెట్టి చూసుకుంటాను. అసలు కొలత ఎనిమిదిన్నర.

దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్లాను. బీపీ చూసి, నీరు తీసే మాత్రలు రాశారు. మూత్రం పరీక్ష రాయలేదు. మాత్ర వేసుకున్న రోజు వాపు దిగుతుంది, మానితే మళ్లీ నిండుతుంది. మా అత్త గలిజేరాకు తెచ్చి కషాయం కాచి ఇచ్చేది. అలా ఐదు వారాలు పోయాయి. ఆ ఐదు వారాల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఒక చిన్న సీసాలో మూత్రం పట్టి ఇచ్చి ఉంటే ఆ రోజే తెలిసేది.

పట్టుకున్నది మా వీధిలో ఉండే నర్సమ్మాయి. జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చి, నా వేళ్లు చూసి, "అక్కా, మూత్రంలో నురుగు వస్తోందా?" అని అడిగింది. వస్తోంది. సర్ఫు కలిపిన నీళ్లలా, చెంబెడు నీళ్లు పోసినా పోనంత నురుగు. ఎండల వల్ల అనుకుని నేనెవరికీ చెప్పలేదు. "రేపు కాదక్కా, ఇప్పుడే పరీక్షకు ఇచ్చిరా" అంది.

లీలామహల్ దగ్గర చిన్న ల్యాబుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన పాత పద్ధతి మనిషి. గాజు గొట్టంలో మూత్రం పోసి, పై భాగం మాత్రం స్పిరిట్ దీపం మీద కాచాడు. కింద సగం తేటగానే ఉంది, పైన మాత్రం తెల్లగా పేరుకుంది. రెండు చుక్కల ఎసిటిక్ యాసిడ్ వేశాడు. తెలుపు కరగలేదు. "కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే గడ్డకట్టదా అమ్మా, ఇదీ అంతే. దీన్ని ఆల్బుమిన్ అంటారు. ఇది రక్తంలో ఉండాల్సింది" అన్నాడు. ఆ గొట్టం ఇప్పటికీ కళ్లలో ఉంది. నా రక్తంలోది నా కళ్లెదుట తెల్లగా తేలుతోంది.

మర్నాడే స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ, అంటే కిడ్నీ జబ్బుల ఓపీకి వెళ్లాం. మూత్రమంతా ఒక రోజు పట్టి తెమ్మని డబ్బా ఇచ్చారు. పొద్దున మొదటిసారిది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారి దాకా ఒక్క చుక్క వదలకుండా పట్టాలి. ఆ రోజు గడప దాటలేదు. లెక్క వచ్చింది: రోజుకు 7.2 గ్రాముల ప్రోటీన్ పోతోంది. పెద్దవాళ్లలో 3.5 గ్రాములు దాటితేనే నెఫ్రోటిక్ స్థాయి, అంటే కిడ్నీ నుంచి ప్రోటీన్ మరీ ఎక్కువగా కారిపోతున్నట్టు అంటారు. రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు ఉండాల్సింది, నాకు 1.7. కొలెస్ట్రాల్ 412.

డాక్టరు మేడం ఓపిగ్గా చెప్పారు. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది ముఖ్యంగా ఆల్బుమినే. అది తగ్గిపోతే, పైగా కిడ్నీలు ఉప్పును బయటికి వదలక పట్టేసుకుంటే, నీరు నాళం దాటి కండలోకి, చర్మం కిందికి చేరుతుంది. పోయిన ఆల్బుమిన్‌ను పూడ్చాలని కాలేయం గబగబా ప్రోటీన్లు తయారు చేస్తుంది, ఆ ఊపులో కొవ్వును మోసే ప్రోటీన్లూ పెరిగిపోతాయి. నూనె వస్తువు ముట్టకపోయినా కొలెస్ట్రాల్ ఎందుకు పెరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. పోయేది ఆల్బుమిన్ ఒక్కటే కూడా కాదు. రక్తం గడ్డకట్టకుండా కాపలా కాసే యాంటీథ్రాంబిన్, జబ్బులతో పోరాడే ఇమ్యునోగ్లోబులిన్లు కూడా దాంతోపాటే కారిపోతాయి. అందుకే వెళ్లిన ప్రతిసారీ, కాలిలో రక్తం గడ్డకట్టిందేమోనని, ఆమె నా రెండు పిక్కలూ పట్టి చూసేవారు. "ఒక కాలు మాత్రం ఎక్కువ వాచినా, ఆయాసం వచ్చినా ఆగకుండా రావాలి" అని రాసిచ్చారు.

మా ఆయన దారంతా లెక్క వేశాడు. రోజుకు ఏడు గ్రాములు పోతోంది, గుడ్డుకు ఆరు గ్రాములు, అంటే రెండు గుడ్లు ఎక్కువ తింటే సరి. మాకందరికీ అది సబబుగానే తోచింది. మేడం కాదన్నారు. కాలేయం రోజుకు పది పదిహేను గ్రాముల ఆల్బుమిన్ తయారు చేయగలదు. మూత్రంలో కనబడేది నష్టంలో కొంతే, కారిన దాంట్లో చాలా భాగాన్ని కిడ్నీ లోపలే అరగదీసేస్తుంది. ఎక్కువ తిన్నకొద్దీ కారేదే పెరుగుతుంది. మామూలుగా తినాలి, కిడ్నీ వడపోతకు పడిన చిల్లు పూడ్చాలి. తగ్గించాల్సింది ఉప్పు. ఊరగాయ, అప్పడం, ఊరుబిండి అన్నీ పక్కన పెట్టేశాను. సంగటి ముద్ద, ఉప్పు తగ్గించిన పప్పు, అంతే. కషాయాలు కూడా ఆపమన్నారు. అత్త చిన్నబుచ్చుకుంది గానీ ఆ రోజు నుంచి పొయ్యి మీద కషాయం పెట్టలేదు.

చిల్లు ఎక్కడుందో తెలియాలంటే కిడ్నీ ముక్క తీయాలన్నారు. బోర్లా పడుకోబెట్టి, స్కానింగ్‌లో చూస్తూ, వీపు దగ్గర మత్తిచ్చి సూది దించారు. టక్కుమని చప్పుడు, అంతే. నొప్పి కంటే తర్వాత కదలకుండా వెల్లకిలా పడుకోవడమే కష్టం. మామూలు మైక్రోస్కోపులో ముక్క బాగానే కనిపించిందట. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తేలింది. వడపోత గోడను పట్టుకున్న కణాల పాదాలు జిప్పు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండాలి, నాకు అవి చదునై కలిసిపోయాయి. జిప్పు పాడైతే ఏమవుతుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మినిమల్ చేంజ్ డిసీజ్ అన్నారు. పిల్లల్లో ఎక్కువ, పెద్దల్లో తక్కువ.

పొద్దున టిఫిను తర్వాత 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మూడు మాత్రలు. నిద్ర పట్టేది కాదు, ఆకలి ఆగలేదు, మొహం గుండ్రంగా అయిపోయింది. చక్కెర పెరిగింది. నా జాకెట్లన్నీ విప్పి మళ్లీ కుట్టుకున్నాను. సొంతంగా మాత్ర ఆపొద్దని ప్రతిసారీ చెప్పి పంపేవారు, ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుందట. నాలుగో వారంలో ఒక రాత్రి మూత్రానికి ఏడుసార్లు లేచాను. మర్నాడు పొద్దున కుండీలో నురుగు లేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. పది రోజుల్లో తొమ్మిది కిలోలు నీరు దిగింది. ఆల్బుమిన్ ముందు 2.4, తర్వాత 3.1, మూడో నెలకు 3.9.

మాత్రలు పూర్తిగా ఆపిన రెండో నెలలో, ఈ మార్చిలో, జలుబు చేసి తిరగబెట్టింది. పెద్దల్లోనూ ఇది తిరగబెట్టడం మామూలేనట. ఈసారి మూడో రోజే తెలిసింది. ఇంట్లో స్ట్రిప్పులు ఉంచుకున్నాను. మూత్రంలో ముంచితే ప్రోటీన్ లేకుంటే పసుపు, ఉంటే ఆకుపచ్చ. పొద్దున పచ్చగా మారిన స్ట్రిప్పు పట్టుకుని నేరుగా ఓపీకి వెళ్లాను. కాళ్లు ఇంకా వాయనే లేదు. మళ్లీ మాత్రలు వేశారు, మళ్లీ తగ్గింది.

మొన్న పంచమి తీర్థానికి నర్సమ్మాయితో కలిసి తిరుచానూరు దాకా నడిచి వెళ్లాను. జనంలో నిలబడి, నడిచి, రాత్రికి ఇల్లు చేరి టేపు తీశాను. ఎనిమిదిన్నరకు పావు ఎక్కువ ఉంది. అంత నడిస్తే ఆ పావు ఉంటుందని ఆ అమ్మాయి అంది. పొద్దున స్ట్రిప్పు పసుపుగానే ఉంది, నోటుబుక్కులో రాసి మిషను దగ్గర కూర్చున్నాను.