512 దగ్గర ఆగిపోయింది

పొద్దున్న లాగిన్ అయ్యేసరికి మా మైసీక్వెల్ డేటాబేస్ ఎర్రర్ లాగ్ నిండా ఒకటే గోల: కొత్త థ్రెడ్ (ప్రోగ్రాం లోపల విడిగా నడిచే పని వరస) పుట్టించడం కుదరలేదు, ఎర్రర్ నంబర్ 11. మెమరీ అయిపోయిందేమోనన్న అనుమానం కూడా ఆ లైన్లోనే ఉంది. చూస్తే సగానికి పైగా ఖాళీ.

చెయ్యి ముందు మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లన్న సెట్టింగ్) మీదకే పోయింది. మార్చకుండా ఆగాను, మంచిదైంది. అది నిండితే వచ్చే కోడ్ 1040, ఇది 1135. 1040 అంటే చోటు లేదని మైసీక్వెల్ చెప్పడం, అప్పుడు కూడా అడ్మిన్ కోసం ఒక కనెక్షన్ విడిగా ఉంచుతుంది. 1135 అంటే మైసీక్వెల్ అడిగిన థ్రెడ్‌ని లినక్స్ కెర్నల్ ఇవ్వలేదని. థ్రెడ్డే పుట్టకపోతే అడ్మిన్‌కి చోటుండి ఏం లాభం? నాలుగైదుసార్లు ప్రయత్నిస్తే గానీ నేనూ లోపలికి వెళ్లలేకపోయాను.

షెల్‌లో యులిమిట్ (పరిమితులు చూపించే కమాండ్) కొడితే కనిపించేది నా షెల్ లెక్క, సర్వర్‌ది కాదు. అందుకే ప్రాక్ (నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ఫోల్డర్) కింద సర్వర్ ప్రాసెస్ లిమిట్స్ ఫైల్ తెరిచాను. ప్రాసెస్‌లు అరవై వేల పైచిలుకు, ఓపెన్ ఫైల్స్ 10000. ఎక్కడా ఇరుకు లేదు. మరి ఎందుకు ఇవ్వడంలేదు? ఇక్కడే గంట పోయింది.

చివరికి సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ (సర్వీసు స్థితి చూపించే కమాండ్) కొడితే మధ్యలో ఒక చిన్న లైను. టాస్కులు 512, లిమిట్ 512. రోజూ కళ్ల ముందు ఉండేదే, ఎప్పుడూ చదవలేదు. సర్వీసు ఓవర్‌రైడ్ ఫైల్లో ఎప్పుడో పెట్టిన టాస్క్స్‌మ్యాక్స్ అది. ఈ పరిమితి ప్రాసెస్‌లను గుంపుగా కట్టి హద్దులు పెట్టే సీగ్రూప్‌ది, లిమిట్స్ ఫైల్లో కనపడనే కనపడదు. లినక్స్‌లో థ్రెడ్ కూడా ఒక టాస్కే, మైసీక్వెల్‌లో కనెక్షన్‌కో థ్రెడ్.

అయితే ఇన్నాళ్లూ ఎలా నడిచింది? మా యాప్ వర్కర్ ప్రాసెస్‌లు 12, ఒక్కోదాని పూల్ (తెరిచి ఉంచుకునే కనెక్షన్లు) 40. మొత్తం 480. బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్లు కలుపుకొని అంచుమీద బతికింది. నిన్న సాయంత్రం ఇంకో 4 వర్కర్లు కలిపాం, 640 అయింది.

సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీ కమాండ్‌తో లిమిట్ 2048కి పెంచాను. రీస్టార్ట్ అక్కర్లేకపోవడం ఎంత హాయో! కానీ పెంచి వదిలేయడం నాకు నచ్చదు. ప్రాసెస్‌లిస్ట్‌లో మూడొంతుల కనెక్షన్లు పని లేకుండా స్లీప్‌లోనే ఉన్నాయి. వెయిట్ టైమౌట్ (ఖాళీ కనెక్షన్‌ని మూసే ముందు ఆగే సమయం) డిఫాల్ట్ 28800 సెకన్లు, అంటే 8 గంటలు. పని లేకపోయినా థ్రెడ్‌ని అంతసేపు పట్టుకుని కూర్చుంటాయి. పూల్ 20కి దించి, వర్కర్లను ఒక్కొక్కటిగా మళ్లీ లేపాం.

ఎన్నిసార్లు పరిమితికి తగిలిందో సీగ్రూప్ పిడ్స్ ఈవెంట్స్ ఫైల్లో లెక్క ఉంటుంది. మధ్యాహ్నం ఆ అంకె రాసిపెట్టుకున్నాను. బయల్దేరే ముందు మళ్లీ తెరిచి చూశాను. అదే అంకె.