పడూకాలో కుట్టు మిషను వేట

ఏప్రిల్‌లో బొంతల (క్విల్ట్‌ల) ప్రదర్శన జరిగే రోజుల్లో పడూకాలో హోటల్ గది దొరకడమంటే వైకుంఠ ఏకాదశికి కొండ మీద గది దొరకడమే. అందుకే మేము గది ఊసెత్తలేదు. బొంతలు కుట్టడానికి పనికొచ్చే మిషను కొనాలని నాష్‌విల్‌లో తెల్లవారుజామునే బయలుదేరి, 24వ నంబరు హైవే పట్టుకుని రెండు గంటల్లో చేరుకున్నాం. టెనెసీ నది ఒహాయోలో కలిసే చోట, కెంటకీ రాష్ట్రం పడమటి కొసన ఉన్న చిన్న ఊరు అది. అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ 1985 నుంచి అక్కడ ప్రదర్శన నడుపుతోంది. 2013లో యునెస్కో ఈ ఊరిని హస్తకళలు, జానపద కళల విభాగంలో తన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.

నాతో అత్తయ్య ఉన్నారు. తెనాలిలో ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టిన మనిషి. చేతిసంచిలో పాత మంగళగిరి చీరలు పొరలుగా వేసి టాకాలు పట్టిన ఒక చదరం కూడా తెచ్చుకున్నారు. ఎందుకని అడిగితే, "వాళ్ల గుడ్డ మీద వాళ్ల మిషను బాగానే కుడుతుందిలే" అన్నారు.

నా పాత మిషను జాకెట్లకు, పరదాలకు ఢోకా లేకుండా పనిచేస్తుంది. చిక్కంతా బొంతతోనే. పైన ముక్కలు అతికిన గుడ్డ, నడుమ దూది పొర, కింద అస్తరు, మూడూ కలిపి కుట్టాలి. 90 అంగుళాల వెడల్పున్న బొంతకు నడిమధ్య కుట్టు వేయాలంటే సగం బొంతను, అంటే 45 అంగుళాలను, చుట్ట చుట్టి సూదికి కుడివైపు, మిషను చేతి కిందకు దూర్చాలి. మామూలు ఇంటి మిషనులో అక్కడ ఉండేది ఆరేడు అంగుళాల జాగా. చుట్ట ఇరుక్కుంటే గుడ్డ సాఫీగా కదలదు, కుట్లు ఒకచోట నువ్వుగింజంత, ఇంకోచోట బియ్యపుగింజంత పడతాయి.

ప్రదర్శనలో బొంతలను ముట్టుకోనివ్వరు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న స్వచ్ఛంద సేవకులు అడిగితే అంచు ఎత్తి వెనుక వైపు చూపిస్తారు. అందరూ ముందువైపు రంగులకు నోరెళ్లబెడుతుంటే అత్తయ్య ప్రతి బొంత దగ్గరా "వెనక చూపించమను" అంటారు. ఆవిడ అడగడంలో న్యాయం ఉంది. పైదారం బిగువు తక్కువైతే దాని గుట్టు వెనకే బయటపడుతుంది. మలుపుల దగ్గర దారం ఉచ్చులుగా వేలాడుతుంది. బహుమతి బొంతల వెనుక అలాంటివేమీ కనబడలేదు.

మిషను కుట్టు నిజమైన బొంతకుట్టు కాదనే వాదం ఈ దేశంలో చాలాకాలం నడిచింది. 1989లో ఇక్కడే కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషను మీద కుట్టిన సూర్యగ్రహణం బొంతకు ప్రదర్శన మొత్తంలో అత్యుత్తమ బొంతగా బహుమతి వచ్చింది. అది ఇప్పుడు ఊళ్లోని నేషనల్ క్విల్ట్ మ్యూజియం సంపదలో ఉంది. 1991లో తెరిచిన ఆ మ్యూజియాన్ని ఒక పూటలో చూసేద్దామనుకోవడం అత్యాశ. మేము పైపైన చూసి మిషన్ల దుకాణాలకు వచ్చేశాం.

అక్కడ పది పన్నెండు అడుగుల చట్రానికి బొంతను బిగించి, దాని మీద మిషనునే నడిపించే లాంగ్‌ఆర్మ్‌లు ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నా, అది మా ఇంట్లో పట్టాలంటే భోజనాల బల్ల బయట పెట్టాలి. తర్వాత తెరలున్న కంప్యూటర్ మిషన్లు. వందల రకాల కుట్లు, పూలు, బాతులు. వాటి ధరలో చాలా భాగం ఆ బాతులకే పోతుందని నా అనుమానం. ఒక దుకాణంలో గంజి పెట్టిన పలచటి రెండు పొరల గుడ్డ మీద కుట్టి చూపించారు. అత్తయ్య సంచిలోంచి తన చదరం తీసి, అంచు మడిచి అందించారు. మడత ఎక్కగానే ఆ మిషను మూలిగి, ఐదారు కుట్లు మింగేసింది. అమ్మేవాడు మొహమాటంగా నవ్వి, సూది మార్చాలన్నాడు.

జూకీ టీఎల్-2010క్యూ అనే మిషను దగ్గర కథ మారింది. దానికి తిన్నటి కుట్టు తప్ప మరొకటి రాదు. అదే దాని బలం. సూది పక్కలకు ఊగదు కాబట్టి సూది కింది పలకలో చిన్న గుండ్రటి రంధ్రం చాలు. గుడ్డ అందులోకి కుంగదు, కుట్టు వంకర పోదు. సూదికి కుడివైపు ఎనిమిదిన్నర అంగుళాల జాగా ఉంది. అత్తయ్య చదరం మడతను మారాం చేయకుండా ఎక్కింది. గుడ్డను ముందుకు లాగే కింది పళ్లు దించి, చేత్తో గుడ్డను తిప్పుతూ తీగలు కూడా కుట్టి చూశాను. ఆ పనిలో కుట్టు పొడవు మిషనుది కాదు, చేతి వేగానిది. మొదటి తీగ ఘోరంగా వచ్చినా, తిరగేసి చూస్తే దారం బిగువు మాత్రం సమంగానే ఉంది.

"దీనికి జిగ్‌జాగ్ లేదు. కాజాలు ఎలా కుడతావు?" అన్నారు అత్తయ్య.

"పాత మిషను ఉంది కదా అత్తయ్యా."

"అయితే దాన్ని ఎవరికీ ఇచ్చేయకు."

కొన్నాం. వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేక పాదం కూడా అడిగి తీసుకున్నాను. పై పొర, కింది పొర కలిసి కదలాలంటే అది ఉండాల్సిందే. తిరుగు దారిలో హాన్‌కాక్స్ బట్టల కొట్టులో దూది పొర కోసం ఆగాం. అత్తయ్య ఒక బాతిక్ తాను దగ్గర నిలబడి గజం ధరను రూపాయల్లోకి మార్చి చూసుకున్నారు. ఆ తర్వాత ఇంకేమీ ముట్టుకోకుండా వెళ్లి కారులో కూర్చున్నారు.