మక్తలన్న చలిజ్వరం

సావనీర్‌కి రాయమంటే అందరూ ఫేర్‌వెల్, మెస్ గొడవలు రాస్తరు కాబట్టి నేను మలేరియా గురించి రాస్తున్న. మన హాస్టల్ సెకండ్ ఫ్లోర్ల ఉన్నోళ్లకు ఎందుకో చెప్పే పని లేదు.

వానలు పడంగనే మొదట పడ్డది మక్తలన్న. మధ్యాహ్నం దాకా మంచిగున్న మనిషి ఒక్కసారి పండ్లు టకటక కొట్టుకుంట వణుకుడు, మూడు రూంల దుప్పట్లు కప్పినా ఆగకపోయేది, తర్వాత ఒళ్లు కాలిపోయేది, ఆఖరికి చెమటకు పరుపు తడిసేది, ఇగ తెల్లారి లేచి ఏం కానట్టు క్రికెట్‌కు పోయేటోడు. ఎల్లుండి అదే టైముకు మళ్ల వణుకుడు. వైవాక్స్ అనే రకం మలేరియా లెక్కనే అది, 48 గంటలకోసారి రక్తకణాలు పగిలి క్రిములు బయటపడ్డప్పుడే జ్వరం. మనోళ్లేమో ఇంటర్నల్స్ రోజే వస్తది వీనికి అని నవ్వుడు.

దవాఖానల వేలు గుచ్చి స్లైడ్ తీసి గోళీలిచ్చిన్రు, క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. మొదటి దాంతోటి జ్వరం పోతది, కానీ కాలేయంల నిద్రపోతున్న క్రిములు అట్లనే ఉంటయి, వాటికోసమే రెండోది. అది ఖాళీ కడుపున వేసుకుంటే కడుపుల మెలిపెడతది, మన మెస్‌ల టిఫిన్ ఎప్పుడొస్తదో మీకు తెల్సు. అన్న నాలుగైదు రోజులకే ఆపేసి మిగిలినయి పక్క రూం పోరనికిచ్చిండు, వానికి కూడా జ్వరమే గదా అని! రక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ తక్కువున్నోళ్లకు ఆ గోళీ పడితే రక్తకణాలు పగిలి మూత్రం నల్లగొస్తది. పోరని అదృష్టం బాగుండి ఏం కాలే, వానిది టైఫాయిడంట.

దోమలన్నీ మోరీలకెళ్లే అని అందరం దాని మీద పడ్డం, బ్లీచింగ్ చల్లిపిచ్చినం. మలేరియా స్టాఫ్ సార్ మోరీ దిక్కు చూడకుండ సీదా టెర్రస్ ఎక్కిండు. మూతలేని ట్యాంకుల దోమ పిల్ల పురుగులు నీళ్ల మీద అడ్డంగ పండుకోని ఉన్నయి, మలేరియా మోసే అనాఫిలిస్ దోమవి అట్లనే ఉంటయట, మోరీల పెరిగే వేరే రకం దోమ క్యూలెక్స్‌వి తలకిందులు వేలాడుతయట. 1897ల రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపుల చూసింది మనకు వంద కిలోమీటర్ల అవతల సికింద్రాబాద్‌లనే, ఇంతకాలమైనా మన ట్యాంకుకు అప్పుడు మూత దిక్కులేకుండె.

సరే, దోమ ఉన్నది, దానికి క్రిమి ఏడికెళ్లి వచ్చింది? ఎండాకాలం బొంబాయి, పూణే ఎవరెవరు పోయిన్రు అని అడిగిండు సార్. పాలమూరోళ్లం, సగం మందిమి సెలవుల్ల అమ్మానాయినల తోటి బిల్డింగ్ పనికి పోయినోళ్లమే, నీళ్లు నిలబడ్డ సెల్లార్ల పక్కన రేకుల షెడ్లల్ల పండుకున్నోళ్లమే, అయినా ఒక్క చెయ్యి లేవలే. పీజీ చదివెటోడు ఇటుకలు మోసిండంటే నామోషీ. సార్ బండి స్టార్ట్ చేసినంక మక్తలన్న ఒక్కడే కిందికురికి చెప్పొచ్చిండు. మాకు ఆ సంగతి చెప్పింది మాత్రం సంక్రాంతి తర్వాత, రెండోసారి వణుకుడు వచ్చినప్పుడు.

ఈసారి 14 రోజులు మెస్ మాస్టర్ ముందుగాల ఒక ప్లేట్ ఉప్మా తీసిపెట్టి గోళీ మింగేదాక జరగనియ్యలే. మళ్ల రాలే. ట్యాంకుకు మూత మాత్రం మేం పాసైపోయినంక పెట్టిన్రట.