వరి మళ్ళలో మీథేన్ కొలుస్తామని గ్రాంట్ అడిగాం

మా రైతు సంఘంలో రాతకోతలన్నీ నా నెత్తినే పడతాయి. రైతులూ శాస్త్రవేత్తలూ కలిసి పొలాల్లోనే వాతావరణ పరిశోధన చేస్తే ప్రభుత్వం నిధులిస్తుందని ప్రకటన వచ్చినప్పుడూ అంతే. ఫారంలో సంఘం వివరాలు, సంతకాలు, జత చేయాల్సిన కాగితాలు ఓపికుంటే అయిపోయేవే. అసలు పని "మీ పరిశోధన ప్రశ్న ఏమిటి?" అన్న గడి దగ్గర మొదలైంది.

నేలలో కర్బనం పెంచుతామని రాద్దామని చాలామంది అన్నారు. ఆ మాటకి ఇప్పుడు గిరాకీ ఉంది మరి. మాతో చేతులు కలిపిన ప్రొఫెసర్ మేడమ్ మాత్రం ససేమిరా అన్నారు. నేలలో కర్బనం ఏడాదికి మారేది చాలా కొంచెం, ఒకే మడిలో ఈ మూలకీ ఆ మూలకీ ఉండే తేడాయే అంతకంటే ఎక్కువ. మూడేళ్ళ ప్రాజెక్టులో ఆ మార్పుని నమ్మకంగా చూపించడం కష్టం. "చూపించలేనిది రాసి తర్వాత ఇరుక్కుంటారా?" అన్నారు.

అలా వరిలో తడి-పొడి పద్ధతి దగ్గర ఆగాం. మడిలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేలకి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్ళీ తడి పెట్టడం. పూత సమయంలో మాత్రం నీళ్ళు నిలపాలి. ఎప్పుడూ నీళ్ళు నిలిచిన మడితో పోలిస్తే, పలుమార్లు ఆరనిచ్చిన మడి నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు సుమారు 45 శాతం తక్కువని, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన లెక్క. అయితే మడి ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు పెరగొచ్చు. నూరేళ్ళ లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు వేడి పెంచితే, ఇది 273 రెట్లు. అందుకే రెండు వాయువులూ కొలుస్తామని రాశాం. మా వాళ్ళకి కావలసిన జవాబు వేరే: నీళ్ళు తగ్గిస్తే దిగుబడి పడిపోతుందా, కలుపు ఎంత పెరుగుతుంది? ఫారంలో ఈ ప్రశ్నే ముందు పెట్టాను.

ప్రతి రైతూ పక్కపక్కన రెండు మళ్ళు ఇవ్వాలి, ఒకటి కొత్త పద్ధతికి, ఒకటి పాత పద్ధతికి. అడగ్గానే అందరూ కొత్త పద్ధతికి చివరి మడే చూపించారు, నీళ్ళు సరిగా అందనిదో, చౌడు తేలినదో.

"అలా అయితే లెక్క తేలదు పెదనాన్నా, చీటీ వేద్దాం" అన్నాను.

"చీటీలో నా మంచి మడి వస్తే? పంట పోతే నువ్విస్తావా?"

న్యాయమైన ప్రశ్నే. నా దృష్టిలో మొత్తం దరఖాస్తుకి అదే ఆయువుపట్టు. ఇలాంటి ప్రాజెక్టుల్లో శాస్త్రవేత్తకి జీతం ఉంటుంది, ల్యాబుకి డబ్బులుంటాయి, రైతుకి మాత్రం ధన్యవాదాల పేజీలో చోటుంటుంది. మేం బడ్జెట్‌లో రెండు పద్దులు పెట్టాం: నీటిమట్టం రాసుకునే రైతు సమయానికి కూలి, పాత మడి కంటే కొత్త మడిలో ఎంత దిగుబడి తగ్గితే అంతకి నష్టపరిహారం. అది చదివి వినిపించాకే చీటీకి ఒప్పుకున్నారు.

ఆ డబ్బు ఎక్కడో మిగల్చాలి కదా. వాయువుల పరీక్షే అన్నిటికంటే ఖరీదు. మొక్కల మీద పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకోసారి సిరంజితో గాలి తీసి ల్యాబుకి పంపాలి. అది కూడా అడ్డంగా వేసిన పలక మీద నిలబడి. మడిలో కాలు పెడితే బురదలోని మీథేన్ బుడగలుగా పైకొచ్చి లెక్క మొత్తం తప్పుతుంది. అందుకని ఆ పరీక్షలు కొన్ని పొలాల్లోనే పెట్టి, మిగతా చోట్ల నీళ్ళు, కలుపు, దిగుబడి మాత్రం రాస్తామన్నాం.

డేటా ఎవరిది అన్న ఒప్పందానికి పెద్ద తగువేమీ కాలేదు. ఎవరి పొలం లెక్కలు వాళ్ళవి, పేర్లు లేకుండానే బయట పెట్టాలి.

దరఖాస్తు పరిశీలించిన వాళ్ళ నుంచి వచ్చిన మొదటి ప్రశ్న నష్టపరిహారం మీదే. పరిహారం ఉందని రైతు కొత్త మడిని పట్టించుకోకపోతే? దిగుబడి తూకం ఇద్దరు ఇతర రైతుల ఎదుట జరుగుతుందని, ఎరువూ కలుపుతీతా రెండు మళ్ళకీ ఒకే రోజు చేస్తారని జవాబు రాశాం. రెండో ప్రశ్న: పక్క పొలం నీళ్ళు కొత్త మడిలోకి ఊటగా వస్తే? ఇది మాకు తట్టనే లేదు! గట్లు ఎత్తు చేయడం, మధ్యలో చిన్న కాలువ తీయడం చేర్చాం.

చివరికి మంజూరైంది. ప్రయాణ ఖర్చులు కోసేశారు, సమావేశాల ఖర్చు సగం చేశారు, రైతుల పద్దులు రెండూ అలాగే ఉంచారు. పోతే, డబ్బు విడతలుగా, అదీ ఖర్చు చేసి బిల్లులు పెట్టాకే వస్తుంది. మొదటి విడత దాకా నెట్టుకురావడానికి సంఘం నిల్వలోంచి అప్పుగా తీసుకుందామని తీర్మానం చేసుకున్నాం. చీటీలు మాత్రం నాట్లకి ముందే, అందరి ముందూ తీస్తాం.