మందారం ఫొటో: తప్పు ఫోకస్‌ది కాదు

పూలను దగ్గరగా తీయాలంటే ముందు కావలసినది మాక్రో లెన్సు. డబ్బుంటే అది దొరుకుతుంది, దాని గురించి చెప్పేదేమీ లేదు. మా పెరటి ఎర్ర మందారం ఉదయం విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది కాబట్టి, గాలి లేవకముందే ట్రైపాడ్ వేయాలి. పువ్వు అసలు పరిమాణంలోనే సెన్సారు మీద పడేంత దగ్గరికి వెళితే, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కు కుదించినా స్పష్టంగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు మందమే. ఇంకా కుదించి ఎఫ్/22కు పోతే కాంతి వివర్తనం వల్ల, అంటే సన్నని రంధ్రం దగ్గర కాంతి వంగి చెదరడం వల్ల, బొమ్మంతా మెత్తబడుతుంది. అందుకని ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా తీసి, ఫొటోషాప్‌లో కలిపాను. ఇంతవరకు అన్ని వీడియోల్లోనూ చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఎరుపు సంగతి. కేసరాల మీద పుప్పొడి గింజ గింజా కనిపిస్తోంది, రేకులు మాత్రం గీతా మడతా లేని ఎర్రటి ముద్ద. ఫొటోగ్రఫీ క్లబ్బులో తెర మీద వేయగానే ఒక పెద్దాయన “ఇది మందారమా అమ్మా, కుంకుమ భరిణా?” అన్నారు. అందరూ నవ్వారు. పైగా ఫోకస్ కుదరలేదని తీర్పు! పుప్పొడి కనిపించినవారికి ఆ మాట ఎలా వచ్చిందో.

ఆ రాత్రి కసిగా కూర్చున్నాను. కెమెరా మామూలుగా చూపే హిస్టోగ్రామ్, అంటే వెలుగునీడల గ్రాఫు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులనూ కలిపి వెలుగును లెక్కగడుతుంది, అందులో ఎరుపు వాటా తక్కువ. అందుకే గ్రాఫు బుద్ధిగా మధ్యలోనే ఉంది. రంగులను విడదీసి చూస్తే ఎరుపు గరిష్ఠమైన 255 దగ్గర గోడకు ఆనుకుని ఉంది. ఈ పువ్వులో రేకు వివరమంతా ఆ ఎరుపులోనే ఉంటుంది. అది నిండిపోయాక షార్ప్‌నెస్ ఎంత పెంచితే ఏం లాభం?

మర్నాడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగును సగానికి తగ్గించి, సెన్సారు పట్టినది పట్టినట్టే ఉంచే రా ఫైలుగా తీశాను. కెమెరాలో చీకటిగానే కనిపించింది, కనిపించనిమ్మన్నాను. ఎడిటింగులో నీడలు లేపి, ఎరుపు గాఢత తగ్గించాను. పెంచాలని చేయి లాగుతుంది, పెంచకండి. ఈనెలు ఒక్కొక్కటిగా పైకి తేలాయి. తెరలు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలోకి మార్చడం అన్నీ అయ్యాకే.

పెద్దాయన ఈసారి “ఫోకస్ ఇప్పుడు కుదిరింది” అన్నారు. నేను ఏమీ అనలేదు.

ప్రింటుకు ఇచ్చేటప్పుడు “రంగులు సరిచేయవద్దు” అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెబితే తలూపుతారు, ఆనక ఎరుపు వాళ్లే పెంచేస్తారు.